పక్కచూపులు చూడనివ్వండి!

చిన్నప్పుడు బడిలో పంతుళ్ళు తిట్టే తిట్లలో 'పక్కచూపులు చూడకు' అనేది ఒకటి. పుస్తకంలోకి సూటిగా చూడాలి, బోర్డు వైపు సూటిగా చూడాలి. పెద్దయ్యాక కూడా అంతే. ఎదుటివాడి మొహంలోకి చూసి మాట్లాడనివాణ్ణి మనం నమ్మం. కానీ పెద్ద వయసులో కొందరికి కంట్లో ఒక జబ్బు వస్తుంది. అది ముదిరితే, సూటిగా చూసినప్పుడు చూడాల్సింది తప్ప మిగతావన్నీ కనబడతాయి. కాస్త పక్కకి చూస్తేనే అసలుది కనబడుతుంది. వాళ్ళకి పక్కచూపు దోషం కాదు, మిగిలిన ఒక్క ఆసరా.

ఆ జబ్బు పేరు మాక్యులర్ డీజెనరేషన్. వయసుతో వచ్చేది కాబట్టి డాక్టర్లు పొట్టిగా ఏఎండీ అంటారు.

మేం డాక్టర్లం కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, డాలస్ చుట్టుపక్కల కట్టడాల దగ్గర సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్ళం. మరి మాకెందుకు ఈ కంటి గోల అంటారా? మా వయసు ముప్పైల్లో ఉంది. అంటే ఊళ్ళో అమ్మానాన్నల వయసు అరవై దాటింది. వాళ్ళు ఫోన్లో చెప్పే మాటలు విని, ఇక్కణ్ణుంచి మనం డబ్బు పంపి వైద్యం చేయించాలి. ఆ మాటల్లో ఏది మామూలు సంగతో, ఏది తొందర పడాల్సిన సంగతో తెలియకపోతే ఎంత డబ్బు పంపినా లాభం లేదు. గల్ఫ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా మనందరి పరిస్థితీ ఇదే.

మూడు జతల అద్దాలు

మాతో పనిచేసే నిజామాబాద్ జిల్లా మిత్రుడి తండ్రి రిటైరయిన బడిపంతులు. పొద్దున్నే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. రెండేళ్ళ కింద ఆయనకి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడటం మొదలైంది. అద్దాల షాపుకి వెళ్ళారు. నంబరు మారిందన్నారు, కొత్త జత ఇచ్చారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే గొడవ. ఆరు నెలల్లో మూడు జతలయ్యాయి. 'వయసైపోయింది, ఇక చదువెందుకులే' అని పేపరు మాన్పించేశారు. చివరికి రెటీనా డాక్టరు చూసేసరికి ఒక కంట్లో నడిమధ్యన మచ్చ కట్టేసింది. రెండో కంట్లో జబ్బు మొదలై ఉంది.

ఇందులో అద్దాల తప్పేం లేదు. అద్దాలు వెలుగుని కంటి వెనక తెర మీద సరిగ్గా పడేలా చేస్తాయి, అంతే. తెరే పాడైతే అద్దాలేం చేస్తాయి? గోడలో నెమ్ము ఉంటే పైన ఎన్ని కోట్లు రంగు వేసినా పొక్కిపోతుంది కదా, ఇదీ అలాంటిదే.

తెలంగాణలో 2018లోనూ, మళ్ళీ 2023లోనూ కంటి వెలుగు శిబిరాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇలాంటి కార్యక్రమమే మొదలైంది. ఎంతోమంది పెద్దవాళ్ళు చదువుకునే అద్దాలు ఉచితంగా అందుకున్నారు. అది మంచి పనే. అయితే అద్దాలు వచ్చాక కూడా అక్షరం ఆనకపోతే కారణం వేరే ఉందన్నమాట. అప్పుడు చేయాల్సింది నాలుగో జత అద్దాలు కొనడం కాదు, రెటీనా పరీక్ష.

చూపు నిలిచే చోటు

కంటి వెనక తెరని రెటీనా అంటారు. దాని నడుమ పచ్చచుక్క ఉంటుందని హైస్కూల్లో చదివాం. ఇంగ్లీషులో మాక్యులా. అడ్డంగా కొలిస్తే సుమారు 5 మిల్లీమీటర్లు. దాని మధ్యలో ఇంకా చిన్న గుంట ఉంటుంది, దాన్ని ఫోవియా అంటారు. చిన్న అక్షరం పోల్చుకోవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, మనిషి మొహం గుర్తుపట్టాలన్నా పని చేసేది ఆ గుంటే. చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. కంటికి బాగా స్పష్టంగా ఆనేది ఇంచుమించు ఆ గోరంత మేరే. మిగతా చూపంతా దారీ తెన్నూ చూసుకోవడానికి పనికొచ్చేదే.

చదివేటప్పుడు కన్ను వరస మీద జారుకుంటూ పోతుందని అనుకుంటాం. నిజానికి అది గెంతుతుంది. ఒకచోట పావు సెకను నిలుస్తుంది, ముందుకి గెంతుతుంది, మళ్ళీ నిలుస్తుంది. అలా సెకనుకి మూడు నాలుగు ఆగుళ్ళు. ఆగినప్పుడే అక్షరాలు కంటికి అందుతాయి. ఇలా చూపు ఒకచోట నిలపడాన్నే డాక్టర్లు ఫిక్సేషన్ అంటారు. మంచి కంట్లో ప్రతి ఆగుడూ సరిగ్గా ఆ గుంట మీదికే వస్తుంది. మనం దాని గురించి ఆలోచించను కూడా ఆలోచించం.

ఏఎండీలో పాడయ్యేది సరిగ్గా ఆ చోటే. చుట్టూ చూపు అలాగే ఉంటుంది. అందుకే ఆ మనిషి ఇంట్లో తిరగగలడు, పెరట్లోకి వెళ్ళగలడు, నేల మీద పడ్డ రూపాయి బిళ్ళ కూడా ఒక్కోసారి ఏరగలడు. పుస్తకం మాత్రం చదవలేడు. చూసేవాళ్ళకి ఇది నాటకంలా కనబడుతుంది. 'బిళ్ళ కనబడిందట గానీ అక్షరం కనబడదట' అని కోడళ్ళూ మనవలూ నవ్వుకుంటారు. నాటకం కాదు, జబ్బు తీరే అది.

ఎండు రకం, తడి రకం

ఈ జబ్బు రెండు రకాలు. ఎండు రకంలో పచ్చచుక్క దగ్గరి కణాలు ఏళ్ళ తరబడి మెల్లగా అరుగుతాయి. ఎక్కువ మందికి వచ్చేది ఇదే. తడి రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి నీరూ, రక్తమూ కారుస్తాయి. ఇది వారాల్లోనే చూపు తీసేయగలదు. ఎండు రకం ఉన్న కంట్లోనే ఒకరోజు తడి రకం మొదలవచ్చు.

తడి రకానికి మందు ఉంది. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్. 2006లో అమెరికాలో ల్యూసెంటిస్‌కి అనుమతి వచ్చాక వైద్యం మారిపోయింది. ఆ తర్వాత 2011లో ఐలియా, 2022లో వాబిస్మో వచ్చాయి. క్యాన్సర్ కోసం తయారైన అవాస్టిన్‌ని చాలా తక్కువ ఖర్చుతో ఇదే పనికి వాడుతున్నారు. 2011లో వచ్చిన అమెరికా ప్రభుత్వ అధ్యయనంలో అది ల్యూసెంటిస్‌కి దీటుగా చూపు నిలబెట్టిందని తేలింది. భారతదేశంలో 2015 నుంచి ల్యూసెంటిస్‌ని పోలిన దేశవాళీ మందు కూడా దొరుకుతోంది. ఇంజెక్షన్ ఒకసారితో అయిపోదు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి. ఇంకో సంగతి, మచ్చ కట్టేశాక ఇంజెక్షన్ వేసినా పోయిన చూపు రాదు. అందుకే తొందర.

ఎండు రకం ముదిరిన దశకి 2023లో అమెరికాలో రెండు మందులకి అనుమతి ఇచ్చారు, సైఫోవర్, ఇజర్వే. అవి అరుగుదల వేగాన్ని కొంత తగ్గిస్తాయి. అరిగినదాన్ని తిరిగి నింపవు.

గడులు వంగితే ఆగొద్దు

తడి రకం మొదలైనప్పుడు ముందుగా తెలిసే గుర్తు తిన్నని గీతలు వంకరపోవడం. కరెంటు స్తంభం వంగినట్టు, గుమ్మం కమ్మీ వాలినట్టు, బాత్‌రూం టైల్స్ మధ్య గీతలు అలల్లా ఉన్నట్టు కనబడతాయి. స్విట్జర్లాండ్ డాక్టరు మార్క్ ఆంస్లర్ దీన్ని పట్టుకోవడానికే ఒక గడుల కాగితం తయారు చేశాడు. ఇప్పటికీ కంటి ఆసుపత్రుల్లో అది వాడతారు. చూస్తే మన స్లాబు మీద ఊచలు కట్టిన జాలీలా ఉంటుంది, మధ్యలో ఒక చుక్క.

ఊళ్ళో ఆ కాగితం లేకపోయినా గోడ క్యాలెండర్ ఉంటుంది. చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, నడిమి గడిలోని అంకె మీద చూపు నిలిపి చుట్టూ గీతలు ఎలా ఉన్నాయో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు, ఇంట్లో చూసుకునే గుర్తు మాత్రమే.

ఒక్కో కన్ను విడిగా ఎందుకంటే, ఒక కన్ను పాడైనా మంచి కన్ను దాన్ని కప్పేస్తుంది. పైగా మెదడు కూడా ఒక చమత్కారం చేస్తుంది. చూపులో చిల్లు పడితే అక్కడ నల్ల మచ్చ కనబడుతుందని అనుకుంటాం. చాలామందికి అలా కనబడదు. చుట్టూ ఉన్న రంగుతో మెదడు ఆ చిల్లుని పూడ్చేస్తుంది. పదంలో రెండక్షరాలు మాయమైనా మాయమైనట్టే తెలియదు. 'అచ్చు సరిగ్గా పడలేదు' అని పేపరు వాళ్ళని తిడతారు.

గీతలు వంకరగా ఉన్నాయన్నా, మధ్యలో మసకగా ఉందన్నా నెలాఖరు జీతం వచ్చేదాకా ఆగొద్దు. ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి పంపండి.

మెదడు వెతుక్కునే ఆసరా చుక్క

మరి మధ్య చూపు పోయినవాళ్ళ సంగతేమిటి? ఇక్కడే మాకు బాగా నచ్చిన విషయం ఉంది.

సర్వే తెలిసినవాళ్ళకి డంపీ లెవెల్ గుర్తుండే ఉంటుంది. దాంట్లోంచి చూస్తే మూడు అడ్డగీతలుంటాయి. స్టాఫ్ మీద రీడింగు నడిమి గీత దగ్గర తీసుకోవాలి. అక్కడే చెట్టుకొమ్మ అడ్డం వచ్చిందనుకోండి, పని ఆపేస్తామా? పై గీత, కింది గీత రీడింగులు కూడి సగం చేస్తాం. నడిమి రీడింగు వచ్చేస్తుంది. మెదడు కూడా ఇలాంటి దారే వెతుక్కుంటుంది. నడిమి చోటు పనికిరాకుండా పోతే, ఆ పక్కనే బాగున్న ఇంకో చోటుని ఎంచుకుని దాంతో చూడటం మొదలుపెడుతుంది. డాక్టర్లు దీన్ని ప్రిఫర్డ్ రెటీనల్ లోకస్ అంటారు. మనం 'ఆసరా చుక్క' అనుకుందాం.

1980లలో బోస్టన్‌లో పరిశోధకులు ఒక లేజర్ యంత్రం సాయంతో దీన్ని కళ్ళారా చూశారు. మనిషి చదువుతుండగానే ఏ అక్షరం రెటీనాలో ఎక్కడ పడుతోందో ఆ యంత్రం చూపిస్తుంది. డొనాల్డ్ ఫ్లెచర్, రొనాల్డ్ షూచర్డ్ అనే ఇద్దరు వెయ్యికి పైగా కళ్ళని ఇలా పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. మధ్య చూపు పోయిన కళ్ళలో అత్యధిక భాగం తమంతట తామే ఆసరా చుక్కని ఏర్పరచుకున్నాయి. ఎవరూ నేర్పకుండానే!

అయితే దాంతో కష్టాలు తీరిపోవు. మూడు చిక్కులున్నాయి.

మొదటిది నిలకడ. ఆ గుంట మీద నిలిచినంత గట్టిగా చూపు పక్కచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. ఊగే చూపుతో వరస పట్టుకోవడం, వరస చివర నుంచి కింది వరసకి రావడం కష్టం.

రెండోది చోటు. బాల్టిమోర్‌లో జానెట్ సన్‌నెస్ బృందం 1996లో ఎండు రకం ముదిరినవాళ్ళని పరీక్షిస్తే, ఎక్కువ మంది చూపులోని చిల్లుని కుడి వైపు పెట్టుకుని, ఎడమ పక్కతో చూస్తున్నారు. ఇంగ్లీషైనా తెలుగైనా మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. రాబోయే అక్షరాలు కుడివైపే ఉంటాయి. అవి చిల్లులో పడితే చదువు ఎలా సాగుతుంది? చిల్లుకి కింది భాగంతో చూసేవాళ్ళకి వరస తెరిపిగా ఉంటుందని చెబుతారు. ఇది మనిషిని బట్టీ, మచ్చ ఆకారాన్ని బట్టీ మారుతుంది. అందుకే ఏ వైపు మంచిదో పరీక్ష చేసి తేల్చాలి.

మూడోది ఇరుకు. పక్కచూపులో ఒంటరి అక్షరం బాగానే ఆనుతుంది. పక్కన ఇంకో అక్షరం చేరితే రెండూ కలిసిపోతాయి. మన తెలుగు లిపికి ఈ ఇరుకు ఇంకా ఎక్కువని మాకనిపిస్తుంది. మనకి తలకట్టు, గుడి, ఏత్వం పైన ఉంటాయి, వత్తులు కింద వేలాడతాయి. 'మెడ'కీ 'మేడ'కీ తేడా పైనున్న చిన్న గీతే. 'ద'కీ 'ధ'కీ తేడా కింద ఒక చిన్న నిలువు గీత. ఆ గీత ఆనకపోతే మాటే మారిపోతుంది.

మిన్నసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ లెగ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా చదువు మీదే పని చేస్తున్నాడు. ఆయనకీ చూపు బాగా తక్కువే. ఆయన బృందం చదువు కొలిచే ఒక చార్టు తెచ్చింది. దాంట్లో అక్షరాలు కాదు, వాక్యాలుంటాయి. ప్రతి వాక్యంలోనూ అక్షరాలూ ఖాళీలూ కలిపి 60. కిందికి వెళ్ళేకొద్దీ అచ్చు చిన్నదవుతుంది. ఎంత చిన్న అక్షరం చదవగలరు అన్నదొకటే కాదు, ఏ సైజు నుంచి చదువు తడబడకుండా సాగుతుంది అన్నది కూడా అది తేలుస్తుంది. అద్దాల షాపు చార్టుతో ఆ రెండో సంగతి తెలియదు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివితే అది చదువు కాదు కదా. 1998లో సుసానా చుంగ్‌తో కలిసి లెగ్ బృందం ఇంకోటి చూపించింది. పక్కచూపుకి అక్షరం ఎంత పెద్దది చేసినా మధ్య చూపు వేగం రాదు. కాబట్టి పాత వేగం కోసం పెద్దవాళ్ళని తొందర పెట్టొద్దు.

ఆరు వారాల నేర్పు

నేర్పితే ఫలితం ఉంటుందా? ఉంటుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు ఇల్లినాయిలోని హైన్స్‌లోనూ, నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలోనూ 126 మంది మీద ఈ పరీక్ష చేశాయి. అందరికీ పచ్చచుక్క జబ్బులే. కొందరికి వెంటనే భూతద్దాలిచ్చి, ఆరు వారాల పాటు వాటిని వాడే పద్ధతి నేర్పారు. మిగతావాళ్ళని మామూలు వరుసలో ఉంచారు. 2008లో ఫలితాలు వచ్చాయి. నేర్చుకున్నవాళ్ళకి చదవగలిగే శక్తి స్పష్టంగా పెరిగింది. ఊరికే ఎదురుచూసినవాళ్ళకి తగ్గింది. కంట్లో మచ్చ అలాగే ఉన్నా, పని మెరుగుపడింది.

ఈ పద్ధతుల్లో ఇంట్లో చేయగలిగినవి కొన్ని:

గడియారం పద్ధతి: ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి, అతని మొహం గడియారం మధ్యలో ఉందనుకోమనాలి. చూపుని 12 వైపు, 3 వైపు, 6 వైపు, 9 వైపు తిప్పుతూ ఎటు చూసినప్పుడు మొహం బాగా ఆనుతోందో కనిపెట్టాలి. అదే ఆ మనిషి ఆసరా వైపు. రోజూ కాసేపు సాధన చేయాలి.

కన్ను ఆపి కాగితం జరపడం: ఆసరా వైపు దొరికాక కళ్ళని అక్కడే నిలిపి, కాగితాన్ని మెల్లగా కుడి నుంచి ఎడమకి లాగాలి. గెంతే పని కంటికి తప్పుతుంది.

నల్ల అట్టముక్క: నల్ల అట్టకి మధ్యలో ఒక వరస పట్టేంత సన్నని గాటు కోసి పేపరు మీద పెడితే ఆ వరస ఒక్కటే కనబడుతుంది. తెల్లకాగితం తళుకు తగ్గుతుంది, వరస తప్పదు. ఖర్చు సున్నా.

వెలుతురు: గది మధ్యలో పెద్ద లైటు కంటే, బాగున్న కంటి వైపు భుజం మీదుగా కాగితం మీద పడే టేబుల్ లైటు మేలు. కళ్ళలోకి కొట్టకూడదు.

ఫోను, ట్యాబ్: ఈ-పేపర్ని వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు చదివి వినిపించే గొంతు కూడా ఉంది. మనం సెలవుకి వెళ్ళినప్పుడు సెట్ చేసి వస్తే చాలు.

మన పంతులుగారు ఇప్పుడు రోజుకి పేపర్లో ఒక కాలమ్ చదువుతున్నారు. అరగంట పడుతుంది. మిగతాది మనవరాలు చదివి పెడుతుంది. ముఖ్యం ఏమిటంటే, మందు బిళ్ళల పేర్లు ఆయనే చూసుకుంటారు. బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆయనే చదువుకుంటారు. ఒకరి మీద ఆధారపడకుండా అంత మాత్రం చదవగలగడం ఎంత ధైర్యమో, అక్షరం దూరమైనవాళ్ళని అడగండి.

మన దగ్గర ఎక్కడ?

ఇది తెల్లవాళ్ళ జబ్బు అనుకోవద్దు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మందిని పరీక్షించారు. నలభై దాటినవాళ్ళలో వందకి దాదాపు ఇద్దరిలో ఏఎండీ కనబడింది. చుట్ట కాల్చేవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఊళ్ళో నాన్న చుట్టకీ, క్యాంపుల్లో మన సిగరెట్టుకీ ఇదొక హెచ్చరిక.

ఆ ఆసుపత్రిని పెట్టింది గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు. అమెరికాలో రోచెస్టర్‌లో పనిచేసి, తిరిగి వెళ్ళి 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించారు. విశాఖపట్నంలోనూ, విజయవాడ దగ్గరా దాని శాఖలున్నాయి. డబ్బు లేనివాళ్ళకి ఉచితంగా చూస్తారు. అక్కడ చూపు తగ్గినవాళ్ళకి చదువూ పనీ నేర్పే ప్రత్యేక విభాగం ఉంది. డాక్టరు 'ఇక చేసేదేం లేదు' అన్నాక వెళ్ళాల్సింది అలాంటి విభాగానికే. ప్రభుత్వంలో హైదరాబాద్ సరోజినీ దేవి, విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. తిరుపతిలో అరవింద్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకి పచ్చచుక్క మరో రకంగా వాస్తుంది. వాళ్ళు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాల్సిందే.

సూట్‌కేసులో విటమిన్లు

ఇక్కణ్ణుంచి ఊరికి వెళ్ళే ప్రతివాడి సూట్‌కేసులోనూ కంటి విటమిన్ల డబ్బా ఒకటుంటుంది. అది అందరికీ మందు కాదు. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 2001లో తేల్చింది ఇదీ: జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్ళకీ, ఒక కంట్లో ముదిరినవాళ్ళకీ ఈ విటమిన్లు, జింకు కలిసిన మోతాదు ఐదేళ్ళలో ముదిరే ప్రమాదాన్ని నాలుగో వంతు దాకా తగ్గిస్తుంది. జబ్బు లేనివాళ్ళకి రాకుండా ఆపదు. పోయిన చూపు తేదు. పాత మోతాదులోని బీటా కెరోటిన్ పొగ తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెంచుతుంది కాబట్టి, 2013లో దాన్ని తీసేసి ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. నాన్న చుట్ట కాల్చే మనిషైతే డబ్బా మీద బీటా కెరోటిన్ ఉందేమో చదివి మరీ కొనండి. డాక్టరు చెప్పాకే పంపండి.

అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించుకునేవాళ్ళకి ఇంకో మాట. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. ఇంజెక్షన్ల మధ్య గడువు చూసుకుని టికెట్ కొనండి. ఆరు నెలల మజిలీ కోసం రెండు ఇంజెక్షన్లు ఎగ్గొడితే ఆ కన్ను దక్కకపోవచ్చు.

మొహం తిప్పుకున్నారని బాధపడకండి

చివరగా రెండు సంగతులు. ఇవి ఇంటిల్లిపాదికీ తెలియాలి.

ఒకటి, లేని మనుషులు కనబడటం. చూపు తగ్గినవాళ్ళలో కొందరికి ఎదురుగా చిన్నపిల్లలు, పూలు, గోడ మీద డిజైన్లు కనబడతాయి. స్విట్జర్లాండ్ పండితుడు చార్ల్స్ బోనే 1760లోనే తన తాతకి ఇలా జరగడం రాసిపెట్టాడు. దానికి ఆయన పేరే ఉంది. చూపు నుంచి కబురు రాకపోతే మెదడే బొమ్మలు అల్లుకుంటుంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. భూతవైద్యుడికి పెట్టే డబ్బు మిగుల్చుకుని కంటి డాక్టరుకి చెప్పండి. బెదిరిపోయిన మనిషికి 'ఇది కంటి జబ్బులో భాగమేనమ్మా' అనే ఒక్క మాట సగం మందు.

రెండోది, మొహం. వీడియో కాల్‌లో నాన్న మన మొహంలోకి చూడకుండా ఎటో చూస్తూ మాట్లాడతాడు. కోపమొచ్చిందేమో, పోయిన నెల డబ్బు తక్కువ పంపామనేమో అని మనసు గుంజుకుంటుంది. వీధిలో పలకరించలేదని బంధువులు అలుగుతారు. ఏఎండీ ఉన్న మనిషి మీ చెవి వైపు చూస్తున్నాడంటే మీ మొహాన్నే చూస్తున్నాడన్నమాట. 'ఇటు చూడు నాన్నా' అన్నామంటే ఆయనకి మనం మాయమైపోతాం. చూడనివ్వండి. ఆ చూపులో మనం ఉన్నాం.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బియ్యం ధర, పొలం కౌలు మాట్లాడాక ఇంకో రెండు నిమిషాలు ఆగండి. గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఒక్కో కన్ను మూసి చూడమనండి. గడులు తిన్నగా ఉంటే సంతోషం. వంకరగా ఉంటే సోమవారమే డాక్టరు దగ్గరికి పంపించండి.